గడియ ఎవరు వేశారు

1961 జూన్‌లో నన్ను పెనుకొండ తాలూకాకు పంపారు. అప్పుడు నేను విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలో రీసెర్చ్ అసిస్టెంటును. ప్రొఫెసర్, రీడర్, లెక్చరర్, ఆ తర్వాతే మా వరస. ఖాళీ అయిపోయిన ఊళ్లమీద మూడు శాఖలు కలిసి పరిశోధన చేయాలని మా ప్రొఫెసర్‌గారి సంకల్పం. పాత రికార్డులు నా వంతు. అర్థశాస్త్రం నుంచి వచ్చినాయన ధర్మవరంలో ఉండి, ఆ ఊళ్లు విడిచి మగ్గం పనిలో కుదిరిన కుటుంబాలను కలిసేవాడు. భాషాశాస్త్రం నుంచి సుభద్రగారు వచ్చారు. మనిషి పలికిన మాటను పలికినట్టే నోటుబుక్కులోకి ఎక్కించడం ఆమె పని. మేమిద్దరం హిందూపురంలో వేర్వేరు ఇళ్లలో దిగి, పొద్దున్నే బస్సెక్కి ఊళ్లకు పోయేవాళ్లం.

పెనుకొండకు కొంత దూరంలో ఒక పాడుబడిన ఊరు ఉండేది. దాని పేరు రాయను. ప్లేగు వల్ల ఖాళీ అయిందని తాలూకా కచేరీ రికార్డులో ఒకే ఒక్క వాక్యం దొరికింది. పక్క ఊరి రైతు ఒకాయన అంతకంటే ఎక్కువే చెప్పాడు.

"ఆ గొర్లోళ్లు ఉండారే, జబ్బు తగిలిన తల్లిని ఇంట్లో పెట్టి గడియేసి పోయినారు సార్. ఊరందరికీ తెలుసు."

ఆ తల్లి కూతురు ఓబులమ్మ ముసలితనంలో ఆ పక్క ఊళ్లోనే ఉండేది. మేమిద్దరం ఆమె దగ్గరికి వెళ్లాం. మొదటి రెండుసార్లు వానల సంగతి, గొర్రెల సంగతి తప్ప మాట్లాడలేదు. మూడోసారి తనంతట తానే మొదలుపెట్టింది. వాక్యాలు సగంలో ఆగిపోతుంటే, మళ్లీ ఎత్తుకుని చెప్పింది. సుభద్రగారు తలెత్తకుండా రాసుకున్నారు. ఆ సాయంత్రం నేను సంగ్రహం రాశాను. గంటసేపు విన్నదాన్ని పది వాక్యాల్లోకి కుదించడాన్ని సంగ్రహం అనేవాళ్లం. అందులో ఒక వాక్యం ఇది: "రోగగ్రస్తురాలైన తల్లిని లోపల ఉంచి, గడియ వేసి కుటుంబం ఊరు విడిచింది."

నియమం ప్రకారం దాన్ని సుభద్రగారి నోటుబుక్కుతో సరిచూడాలి. తొలి నివేదిక నెలాఖరుకల్లా అందాలని ఉత్తరం రావడంతో చూడకుండానే పంపాను. శాఖలో సైక్లోస్టైల్ చేసి, ఒక ప్రతి పంచాయతీ సమితి ఆఫీసుకూ పంపారు. అక్కడినుంచి అది ఓబులమ్మ ఉండే ఊరికి చేరింది. రచ్చబండ మీద ఎవరో చదివి వినిపించారు.

ఓబులమ్మ కొడుకు నారాయణప్ప హిందూపురం వచ్చి నా గది ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, మాయమ్మ నీకేం జెప్పింది, నువ్వేం రాసినావు? ఇన్నేండ్లూ వాళ్లు అనింది నోటిమాట. ఇప్పుడు సర్కారు కాగితంలోనే ఉండాదంటాండారు. మాయమ్మ మూడు దినాలుగా ముద్ద ముట్టలేదు."

ఆమె చెప్పిందే రాశానన్నాను. అలాగే నమ్మాను కూడా. అతణ్ణి కూర్చోబెట్టి, సుభద్రగారికి కబురు పెట్టాను. ఆమె నోటుబుక్కులో ఆ పుట వెతికి ఓబులమ్మ మాటలు నెమ్మదిగా చదివారు.

"మాయమ్మ గడియ ఏసుకొనె. పోండి, పిల్లోళ్లను తీసుకోని పోండి అనె. మా నాయన తలుపు బాదె. తీయకపాయె."

నారాయణప్ప మొహం తుడుచుకున్నాడు. సుభద్రగారు నావైపు తిరిగి, "వేశారు కాదండీ, వేసుకొనె," అన్నారు. "ఆ గడియ లోపలుంది."

మర్నాడు వెళ్లి ఓబులమ్మ ముందు తప్పు ఒప్పుకున్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల తిప్పకుండానే, "నీకు జెప్పకపోయింటే బాగుండె," అంది.

తుది నివేదికలో చడీచప్పుడు లేకుండా మార్చేద్దామని ప్రొఫెసర్‌గారు రాశారు. తప్పు చదివిన చోటే దిద్దుబాటూ చదవాలని నేను మళ్లీ రాశాను. శాఖ పరువు పోతుందని ఆయన సందేహించారు. సుభద్రగారు కూడా ఉత్తరం రాశాక అనుమతి వచ్చింది. ఆ ఏడు లెక్చరర్ పోస్టుకు నా పేరు పంపలేదు.

రచ్చ మీద ఊరివాళ్లంతా కూర్చున్నారు. దిద్దుబాటు నేను చదివాను. ఓబులమ్మ మాటలు సుభద్రగారు ఉన్నవి ఉన్నట్టు చదివారు. మొదట నాకు కథ చెప్పిన రైతు, "వాళ్లొకటంటారు, వీళ్లొకటంటారు," అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. మిగిలినవాళ్లు కదల్లేదు. కొడుకు భుజం పట్టుకుని నిలబడిన ఓబులమ్మ నన్ను అడిగింది.

"మాయమ్మ పేరు యాడుండాది దాంట్లో?"

మనుషుల పేర్లు రాయకూడదన్నది మా నియమమని చెప్పాను.

"గడియేసుకొనిందెవురో తెలియాల గదా నాయనా? నరసక్క. రాసుకో."

అక్కడే రాసుకున్నాను. అచ్చయిన నివేదికలో ఊరి మనుషుల పేర్లలో ఉన్నది అదొక్కటే.

ఆ తర్వాత నా కింద పనిచేసినవారెవరి సంగ్రహాన్నీ, చెప్పినవారికి చదివి వినిపించనిదే నేను తీసుకోలేదు. మూడు శాఖలు ఒకే పనిమీద కూర్చోవడం దేనికని కొత్తవాళ్లు అడిగేవారు. ఒకరు విననిది మరొకరు వింటారని చెప్పేవాణ్ణి. ఓబులమ్మ మాట్లాడిన రోజు నా చెవులు బాగానే ఉన్నాయి. ఆమె నోరు తెరవకముందే, ఆమె ఏం చెప్పబోతుందో నాకు తెలుసనుకున్నాను.