కడిగిన బండి

అందరూ బండి కొనేటప్పుడు ముందు ఇంజను చూస్తారు. నేను మాత్రం మా ఇంటామెను పడుకోబెట్టి చూశాను. ఆమెకు ఎనిమిదో నెల నడుస్తోంది. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చి మూడు వారాలు దాటింది. జోర్డాన్ సరిహద్దుకు బస్సుల్లో పోతున్న మనవాళ్ళు రోజుల తరబడి కూర్చునే ఉంటున్నారనీ, అక్కడ దిగాక తల దాచుకోవడానికి నీడ కూడా లేదనీ విన్నాము. ఆమె కాళ్ళు వాచి, గంటసేపు కూడా కూర్చోలేకపోతోంది. ఆస్పత్రిలో నర్సులు రోజుకొకరు తగ్గిపోతున్నారు. చివరిసారి చూసిన డాక్టరమ్మ, తానూ మూటాముల్లె సర్దుకుంటూ, ఒకటే మాట చెప్పింది. పోతే పడుకునే పోవాలి, కూర్చుని పోతే బిడ్డ దక్కదు.

అందుకే మాకు లోపల పడుకోగలిగే బండి కావాల్సి వచ్చింది. దారిలోనూ, సరిహద్దులో ఎన్ని రోజులు ఆపితే అన్ని రోజులూ అదే మా ఇల్లు.

మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేసేవాళ్ళం. నేను డ్రైవర్ని, ఆమె వంటా ఇల్లూ చూసేది. బాబా, మామా అని మేము పిలిచే యజమానీ ఆయన భార్యా, వాళ్ళ పిల్లలు ఎండాకాలం సెలవులకు వేరే దేశం పోయి ఉండగా ఇదంతా వచ్చిపడింది. ఇల్లు మా చేతుల్లో మిగిలింది. మా పాస్‌పోర్టులు బాబా గదిలో సొరుగులో ఉంటే, వాటిని తీసుకోవచ్చా లేదా అని ఆమె మూడు రోజులు మథనపడింది. చివరికి తీసి, సొరుగు గుడ్డతో తుడిచి, మళ్ళీ తాళం వేసింది. నేను నవ్వితే కోప్పడింది.

బాబా పెద్ద కారును సైనికులు రెండో రోజే తీసుకుపోయారు. ఆ వీధిలో కార్లు చాలానే ఉన్నాయి, కానీ ముందు దాన్నే పట్టుకున్నారు. ఎందుకంటే అది అద్దంలా మెరిసేది. దానికి కారణం నేనే. ఇంటి డ్రైవర్లందరికీ ఉన్న అలవాటే నాకూ ఉంది. తెల్లారి లేవగానే, టీ కూడా తాగకముందే, బకెట్టూ గుడ్డా పట్టుకొని కారు కడగాలి. మామా కిటికీలోంచి చూసేసరికి కారు మెరుస్తూ ఉండాలి. నాలుగేళ్ళలో జ్వరం వచ్చినా ఒక్క పొద్దు తప్పలేదు. కారు పోయాక కూడా పొద్దున్నే లేచి, ఖాళీ షెడ్డు ముందు ఏం చేయాలో తోచక నిలబడేవాణ్ణి.

ఊరి చివర సులైబియాలో గ్యారేజీ నడిపే రాయచోటి సాయబు ఒకతను నాకు తెలుసు. కారు రిపేరుకు తీసుకుపోయి తీసుకుపోయి స్నేహమైంది. అతను తన పికప్‌లో వచ్చి మా ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. సందుల్లోంచి, చెక్‌పోస్టులు లేని దారిలో తీసుకుపోయాడు. దారి పొడుగునా నేను వెనక అద్దంలోనే చూస్తూ కూర్చున్నాను.

అతని దగ్గర మూడు బండ్లు ఉన్నాయి.

మొదటిది రొట్టెలు పంచే బండి. ఇంజను బాగుంది, టైర్లు కొత్తవి. మా ఇంటామె లోపల నేల మీద దుప్పటి పరుచుకొని పడుకుంది. వెనక ఒక్క కిటికీ లేదు. మనసులో నూరు దాకా లెక్కపెట్టుకునేలోపే చెమటతో తడిసి బయటికి వచ్చింది. "దీంట్లో రొట్టెలే బతుకుతాయి" అంది.

రెండోది నిజంగా ఇల్లే. తెల్లదొర ఎవరో ఎడారిలో తిరగడానికి చేయించుకున్నదట. మెత్తటి పరుపు, చిన్న ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, కిటికీలకు తెరలు. తలుపు వేస్తే దుమ్ము కూడా లోపలికి వచ్చేలా లేదు. నేను స్టార్ట్ చేసి, బానెట్ మీద చెవి పెట్టి విన్నాను. ఇక వేరేది చూడక్కర్లేదని అప్పుడే తీర్మానించుకున్నాను. సాయబు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, ఇది నీకియ్యను. నువ్వు ఈ సందు దాటేలోగా గుంజుకుంటారు. అక్కను యాడ దింపి పోతారో ఏమో. ఇంత సక్కంగా ఉండే బండి ఈ పొద్దు మనకొద్దు."

నాకు కోపం వచ్చింది. అమ్మేవాడు వద్దనడం ఏమిటి? నా సరదా కోసమా కొంటున్నది? అలా అని గట్టిగానే అన్నాను. అతను ఏమీ పట్టించుకోకుండా మమ్మల్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు.

మూడోది అక్కడుంది. అదీ అలాంటి బండే, కానీ ముసలిది. ఒంటి నిండా ఇసుకా గ్రీజూ పట్టి అసలు రంగు ఏదో తెలియడం లేదు. ఒక పక్క రేకు లోపలికి నొక్కుకుపోయింది. రెండో గేరు వేస్తే జారిపోతుందని అతనే చెప్పాడు, చేత్తో పట్టుకొని తోలాలట. లోపల చెక్క మంచం, దాని కింద నీళ్ళ క్యాన్లు పెట్టుకునే చోటు, చిన్న పొయ్యి. రెండు పక్కలా తెరుచుకునే కిటికీలు, వాటికి పాత తెరలు. మా ఇంటామె మెల్లగా ఎక్కి, పక్కకు తిరిగి పడుకుంది. సాయబు అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి నేను కిటికీ దగ్గరికి పోయాను. వంగి చూస్తే నిద్రపోతోంది. ఎన్నో రోజుల తర్వాత ఆమె అలా నిద్రపోవడం చూశాను. బేరం అక్కడితో అయిపోయింది.

దినార్లు ఇస్తే అతను తీసుకోలేదు, వాటితో ఏం వస్తుందన్నాడు. తను ఎక్కడికీ పోవడం లేదన్నాడు. ఒక బస్తా బియ్యం, ఇంటికి తీసుకుపోదామని నేను పెట్టెలో దాచుకున్న టూ ఇన్ వన్ రేడియో అడిగాడు. ఆ రోజుల్లో రేడియో ఇవ్వడమంటే కళ్ళు తీసి ఇచ్చినట్టే. దారుల సంగతి, సరిహద్దు తెరిచారా మూశారా అన్న సంగతి తెలిసేది దానిలోనే. ఇచ్చాను. అతను రెండు తాళంచెవులు నా చేతిలో పెట్టాడు.

"ఒకటే మాట అన్నా. దీన్ని కడగద్దు. ఆ మురికే నీకు పాస్‌పోర్టు అనుకో."

సరేనన్నాను. ఒక తాళంచెవి నేను ఉంచుకున్నాను, రెండోది ఆమె తన తాళిబొట్టు తాడుకున్న పిన్నీసుకు తగిలించుకుంది.

మా పక్క వీధి కడపవాళ్ళు ఏడెనిమిది బండ్లలో ఒక రోజు ఆగి బయల్దేరుతున్నారు. వాళ్ళతో కలిసి పోవాలని అనుకున్నాము. ఒక్క రోజు ఆగితే చాలు. ఆ ఒక్క రోజు నేను చేతులు కట్టుకొని కూర్చోలేకపోయాను.

పొద్దున్నే మెలకువ వచ్చింది. షెడ్డులో మళ్ళీ ఒక బండి ఉంది. నా భార్యా బిడ్డా పడుకోబోయే ఇల్లు అది. దాని మీద ఎవరెవరి గ్రీజో, ఎప్పటి దుమ్మో. ఒక్క తలుపు తుడుద్దామని మొదలుపెట్టాను. తలుపు తుడిస్తే దాని పక్క రేకు మరీ అసహ్యంగా కనిపించింది. సాయబు మాట గుర్తుకు రాలేదని చెప్పను. వచ్చింది, కానీ ఇది షెడ్డులో ఉంది కదా, బయటికి తీసేటప్పుడు కాస్త ఇసుక చల్లుకుంటే పోతుంది కదా అనుకున్నాను. నీళ్ళ ట్యాంకరు రావడం మానేసింది. మేడ మీద తొట్టిలో మిగిలిన నీళ్ళే మాకు ఆధారం. అందులోంచి రెండు బకెట్లు వాడాను. మురికి పోతుంటే కింద మీగడ రంగు, నడుమ నీలం చార బయటపడ్డాయి. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రంగు చూసి నేను సంతోషపడ్డాను.

ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "కడిగినావా?" అంది.

పది గంటలకు గేటు తట్టారు. నలుగురు సైనికులు, జీపు. ఇల్లిల్లూ చూస్తున్నారు. ఇల్లు చూడటం అయ్యాక షెడ్డు చూశారు. ఒకడు బండి తలుపు తీసి, మంచం మీద కూర్చుని, పైకీ కిందికీ ఊగి నవ్వాడు. ఇది ఎవరిదని వాళ్ళ పెద్ద అడిగాడు. నాదే, నా భార్యకు నెలలు నిండుతున్నాయి, ఆమె కోసం కొన్నాను అని నాకు వచ్చిన అరబ్బీలో చెప్పాను. అతను ఆమె వైపు చూశాడు, కళ్ళు దించుకున్నాడు. నా గుండె కాస్త కుదుటపడేలోపు చెయ్యి చాపి తాళంచెవి అడిగాడు. తోలేవాణ్ణి తీసుకొని మధ్యాహ్నం వస్తామని చెప్పి, తాళంచెవి జేబులో వేసుకొని వెళ్ళిపోయారు. తాళంచెవి లేకుండా బండి ఎక్కడికి పోతుందని వాళ్ళ ధీమా.

నేను అక్కడే కూలబడ్డాను. ఆమె పిన్నీసు విప్పి రెండో తాళంచెవి నా ఒళ్ళో వేసింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువులే. షెడ్డులో పాత ఆయిలు డబ్బా ఉండాది, తీసకరా. ఇసక తీసకరా."

"ఇప్పుడే పోదామా? వాళ్ళు రేపు కదా బయల్దేరేది?"

"రేపటికి బండి యాడుంటాది?"

ఆ కడుపుతో ఆమె వంగలేదు. వంటింటి స్టూలు వేసుకొని కూర్చుని, పాత ఆయిల్లో ఇసుక కలిపి, గుడ్డతో అందినంత మేర పూసింది. అందని చోట నేను పూశాను. నాలుగేళ్ళు ఆ ఇంట్లో గాజు బల్ల మీద వేలిముద్ర కనపడకుండా తుడిచిన చేతులు అవి. నీలం చార మీద పూయడానికి నేను తటపటాయిస్తే, ఆమె నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. ఒక హెడ్‌లైటు నన్నే పగలగొట్టమంది. తెరలు చింపింది. కరెంటు పోయి వచ్చి ఫ్రీజర్లో చెడిపోయిన చేపలుంటే, బకెట్లో వేసి బండి తలుపు దగ్గరే పెట్టించింది. మూడు క్యాన్ల నీళ్ళు, బియ్యం, పాస్‌పోర్టులు లోపల పెట్టాము. అంతా గంట కూడా పట్టలేదు. ఇంటికి తాళం వేసి ఆ చెవులు గుమ్మం పైన పెట్టింది, మామా వస్తే వెతుక్కోకుండా.

ఇరాక్ పోయే దారిలో ముత్లా గుట్ట దగ్గర చెక్‌పోస్టు. ముందున్న కారులోంచి మనుషుల్ని దింపి, సామాను రోడ్డు పక్కన పడేసి, ఆ కారును పక్కకు తీశారు. నా వంతు వచ్చింది. రెండో గేరు జారకుండా చేత్తో పట్టుకొని ముందుకు తోలాను. పొద్దున వచ్చినవాళ్ళలో ఎవరైనా ఇక్కడ ఉంటే? తల ఎత్తి మొహాలు చూసే ధైర్యం లేదు. ఒక సైనికుడు బండి చుట్టూ నడిచాడు. తలుపు మీద వేలు పెట్టి, ఆ వేలికి అంటిన జిడ్డు చూసుకొని తన ప్యాంటుకు తుడుచుకున్నాడు. తలుపు తెరిచాడు. వాసనకు వెనక్కి జరిగి, ముక్కు మూసుకొని, లోపల పడుకున్న ఆమెను చూశాడు. ఇదేం చెత్తబండిరా అన్నాడు. పక్కనున్నవాడు నవ్వాడు. యల్లా, యల్లా అని పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

గుట్ట దిగాక బండి ఆపి, చేపల బకెట్టు ఇసుకలో కుమ్మరించి వచ్చాను. ఆమె పడుకునే ఉంది. పొద్దున బండి కడిగినందుకు ఏదైనా అంటుందని చూశాను. "తోలు" అంది.

బస్రా, బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దు చేరేసరికి ముందు కనుచూపు మేర బండ్లే ఉన్నాయి. అక్కడ ఆగిపోయాము. ఒకటి కాదు రెండు కాదు, పదకొండు రోజులు. ఆ చెక్క మంచం, ఆ చిన్న పొయ్యి, ఆ రెండు కిటికీలే మా సంసారం. నీళ్ళ క్యాన్లు ఆమె తల కిందే ఉండేవి. రోజుకు ఇన్ని గ్లాసులని ఆమే కొలిచి పోసేది. రెండు క్యాన్లు అయిపోయాయి. మూడోదాని మూత విప్పనివ్వలేదు. పొద్దున్నే నా చేతులు దురద పెట్టేవి. ఒకరోజు ఉమ్మితో ముందద్దం తుడుస్తుంటే లోపలినుంచి చూసి, "మళ్ళా మొదలుపెట్టినావా" అంది. గుడ్డ జేబులో పెట్టుకున్నాను.

పన్నెండో రోజు పొద్దెక్కాక నొప్పులు వచ్చాయి. వరుసలో వెనక బస్సులో ఒక కేరళ నర్సు ఉంటే పరుగెత్తుకుపోయి పిలుచుకొచ్చాను. నన్ను బయట నిలబెట్టారు. నా చొక్కా రేకుకు ఆనుకొని, మేము పూసిన ఆయిలంతా వీపుకు అంటింది. లోపల ఆమె అరుపులు. తర్వాత సన్నగా ఏడుపు వినిపించింది.

నర్సు పిలిచింది. ఆడపిల్ల. నెత్తురూ జిగురూ అంటుకొని, చెక్క మంచం మీద గుడ్డలో కాళ్ళు కొడుతోంది. నేను దగ్గరికి పోకుండా నా చేతుల మురికి చూసుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాను. మా ఇంటామె తల కింద నుంచి మూడో క్యాను లాగి, నా వైపు తోసింది.

"ఇప్పుడు కడుగు" అంది.