దుప్పటిలో రెండో ముక్క

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. దుప్పటి ఒంటిముక్క గడప దాటకూడదు. కోరుట్లలో మా బాపు నేసే మగ్గం చిన్నది, దాని మీద దుప్పటికి సరిపడా వెడల్పు రాదు. అందుకని ఒక్కో దుప్పటిని రెండు ముక్కలుగా నేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, వాటిని పక్కపక్కన పెట్టి నిలువునా కుట్టేది. ఒక ముక్కలోని నీలం అడ్డగీత రెండో ముక్కలోని గీతతో కలవాలి. కలవకపోతే దుప్పటి మెల్లకన్ను మనిషిలా కనిపించేది. బాపు ఒక వెదురుబద్ద మీద గుర్తులు పెట్టుకుని, దాన్నిబట్టే రెండో ముక్క నేసేవాడు. ఆయన గీత తప్పడం నేనెన్నడూ చూడలేదు. ఆ గర్వం ఆయనకు కాస్త ఎక్కువే.

మా అన్నకు ఈ మగ్గమంటే చిరాకు. సిరిసిల్ల వెళ్లి సాంచాల మీద పనికి కుదిరాడు. కరెంటుతో నడిచే ఆ మగ్గాల మోతలో ఎవరి మాట చెవికెక్కిందో, కూలి కోసం కొట్లాడేవాళ్లలో చేరాడు. అక్కణ్నుంచి అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిశాడు. ఆ రోజుల్లో మా వైపు ఒక పిల్లవాడు అడవికి పోయాడంటే కట్టెల కోసమని ఎవరూ అనుకునేవారు కాదు.

ఒక చలికాలం అంగడినాడు, మిట్టమధ్యాహ్నం, తలకు తువ్వాల చుట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. జ్వరంతో పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. కప్పుదామంటే చిరుగుబొంతలే. నేసేవాళ్ల ఇంట్లో మంచి దుప్పటి ఎప్పుడుంది గనక? మగ్గం దించిన ముక్క ఒకటి దండెం మీద ఉంది. దాని జత ఇంకా జానెడు కూడా కాలేదు. బాపు ఆ ఒక్క ముక్కనే తీసి అన్న భుజాల మీద వేశాడు.

"ఒంటిముక్క ఇయ్యకు. జోడు తెగుతది," అని అవ్వ అడ్డం వచ్చింది.

"పోరడు వణుకుతుండు, కండ్లు కనవడ్తలేవా?" అన్నాడు బాపు.

అన్న నవ్వాడు. "నీ భయం పాడుగాను, అవ్వా! ఇంకో ముక్క నీ కాడ దాచిపెట్టు. దానికోసమన్న మళ్ల అస్త."

బాపు రెండో ముక్క పూర్తి చేశాడు. అవ్వ దాన్ని సందుగలో పెట్టింది. గల్ఫుకు పోయే కొడుక్కి దుప్పటి కావాలని ఇబ్రహీంపట్నం నుంచి ఒకాయన వచ్చి, ఆ ముక్కకే వేరే జత నేసిమ్మన్నాడు. అవ్వ గయ్యిమంది. "గది మా పోరనిది. దాని జోలికి రావద్దు."

మళ్లీ చలి మొదలవుతుండగా, సారంగాపూర్ అవతలి గుట్టల్లో కాల్పులు జరిగాయని, శవాలను జగిత్యాల ఆసుపత్రికి తెచ్చారని తెలిసింది. ఒకరి మొహం గుర్తుపట్టేలా లేదట. ఒంటి మీద నీలం గీతల దుప్పటి ముక్క ఉందట. అవ్వ సందుగ తెరిచి రెండో ముక్కను బాపు చేతిలో పెట్టింది.

నేనూ వెంట వెళ్లాను. బస్సులో బాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏదో గొణుగుతూనే ఉన్నాడు. చెవి దగ్గర పెడితే వినిపించింది. "గీతలు కలవద్దు దేవుడా. గీతలు కలవద్దు." బతుకంతా గీతలు కలవాలనే నేసిన మనిషి, తన నేత తప్పిపోవాలని మొక్కుకుంటున్నాడు.

ఆసుపత్రి వరండాలో, శవం మీది ముక్క పక్కన తన ముక్క పరిచాడు. రక్తం ఎండి ఒక మూల బిగుసుకుపోయింది. దాన్ని అరచేత్తో సాపు చేశాడు. మొదటి గీత కలిసింది. దాని కిందిదీ కలిసింది. నేను తల తిప్పుకున్నాను. బాపు మాత్రం ఆఖరి గీతదాకా చూశాడు.

"మావోడే," అన్నాడు.

ఒంటిముక్క ఇచ్చినందుకే ఇలా అయిందని మా వాడకట్టులో అన్నారు. తూటాకు దుప్పటి సంగతి ఏం తెలుసు? ఆ మాట అన్నవాళ్ల మీద నాకిప్పటికీ కోపమే. కానీ బాపు దాన్ని నమ్మాడు, పోయేదాకా నమ్మాడు. నా ఏడుపంతా దానికే.

అన్నను ఇంటికి తెచ్చాక అవ్వ సూదీ దారం అడిగింది. అన్న పక్కనే కూర్చుని రెండు ముక్కలూ కుట్టడం మొదలుపెట్టింది. పొద్దు గుంకకముందే పాడె లేపాలని పెద్దమనుషులు తొందరపెట్టారు.

అవ్వ తలెత్తలేదు. "ఆగుండ్రి. నా కొడుకు దీనికోసమే అచ్చిండు."