సారు అరచేయి

మెదక్‌లో మా కెమెరా క్లబ్బు ప్రతి ఆదివారం ఒక స్టూడియో మేడమీద కూడేది. మా ఫొటోల్లో తప్పులు చూపించేది డ్రాయింగ్ సారు. అక్కర్లేని భాగాన్ని అరచేత్తో మూసి, "గిది లేకుంటె మంచిగుంటది, కొయ్యి" అనేవారు. ఆ మాట ఎప్పుడూ తప్పు కాలేదు.

ఒకసారి చర్చి మెట్ల మీద నేను తీసిన క్లబ్బు గ్రూపు ఫొటో చూపించాను. సారు చివరన నిలబడ్డ తననే మూసి, "గీ ముసలోడు అడ్డమున్నడు, కొయ్యి తమ్మీ" అన్నారు. అందరూ నవ్వారు. నేను మాత్రం పాఠమనుకుని కత్తెర వేశాను. నెగటివ్ ఆ వానాకాలమే చెమ్మకు పాడైపోయింది.

సారు పోయాక ఆయన భార్య మా ఇంటికొచ్చారు. "మీరందరు ఫొటోలు తీసేటోళ్లే గద బిడ్డా, సారుది ఒక్కటన్న లేదా?" అని అడిగారు.

నా దగ్గరున్న ఫొటోలో, పక్కనున్నతని భుజం మీద, ఆయన నాలుగు వేళ్లే మిగిలాయి.