మంచినీళ్ళు తాగిన ఆల్చిప్పలు

లాక్‌డౌన్లు ముగిసిన తరవాతి ఏడాది, ఎండలు ముదిరే మార్చి నెలలో, నన్ను చింతామణి నుంచి చిక్కబళ్ళాపురం జిల్లా కార్యాలయానికి మార్చారు. హోదా మాత్రం పాతదే, ఆహార సురక్షతా అధికారి. అంటే పాలలో నీళ్ళు, కారప్పొడిలో రంగు వెతుక్కుంటూ తిరిగే మనిషి. మా పైన జిల్లాకొక అంకితాధికారి ఉంటారు. లైసెన్సు ఇవ్వడం, రద్దు చెయ్యడం ఆయన పని. ఎండలో తిరిగి వాసన చూడడం మా పని. ఈ ఏర్పాటు మీద ఆయనకెప్పుడూ ఫిర్యాదు లేదు.

చేరిన వారానికే ఆయన నన్ను పిలిచి, ఆల్చిప్పలు తనిఖీ చెయ్యడం వచ్చునా అని అడిగారు. సముద్రానికి ఇంత దూరాన ఆ ప్రశ్న వినేసరికి మొదట ఆయన ఆరోగ్యం గురించే కంగారు పడ్డాను. తరవాత సంగతి చెప్పారు. కొండ దారిలో కొత్తగా తెరిచిన ఒక రిసార్టులో బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు విందు పెట్టుకున్నారు. అందులో పచ్చి ఆల్చిప్పలు వడ్డిస్తారట. నిమ్మకాయ పిండి, ప్రాణంతో ఉన్నదాన్ని ప్రాణంతోనే మింగడమన్నమాట. రిసార్టు లైసెన్సులో పచ్చి సముద్రాహారం లేదు. చేర్చాలంటే ముందు తనిఖీ జరగాలి.

ఆ విద్య జిల్లాలో నాకొక్కదానికే వచ్చు. ఉద్యోగంలో మొదటి ఏళ్ళు కరావళి, అంటే కన్నడ సముద్రతీరం, రేవుల్లో గడిచాయి. మాది తాతల నాటి నుంచి గుడిలో అర్చకత్వం చేసిన కుటుంబం, ఉల్లిపాయ తరిగితేనే కిటికీలు తెరిచే ఇల్లు. అలాంటి ఇంటి ఆడపిల్లను ప్రభుత్వం ఏరి కోరి ఆల్చిప్పల నిపుణురాలిని చేసింది. ప్రభుత్వానికి హాస్యం తెలియదని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

తెలియనివాళ్ళ కోసం పద్ధతి చెబుతాను. పెంచినవి కాక, నదీ ముఖాల దగ్గర రాళ్ళకు తమంతట తాముగా పెరిగే ఆల్చిప్పలను, ఆటు వేళ ఉలితో కొట్టి తీస్తారు. గుత్తులు విడదీసి, సముద్రపు నీళ్ళతోనే బురద కడిగి, పగిలినవీ నోరు తెరిచినవీ ఏరేస్తారు. మరీ చిన్నవి మళ్ళీ నీళ్ళలో పడేస్తారు. ప్రతి సంచికీ ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో రాసిన చీటీ కట్టాలి. ఆ తరవాత దానికి కావలసింది చల్లదనం, మీద ఒక తడి గోనెపట్టా, అంతే. ఎట్టి పరిస్థితుల్లోనూ మంచినీళ్ళలో ముంచకూడదు. దాని ఒంట్లో ఉండేది ఉప్పునీరు. మంచినీళ్ళు తగిలితే మూత బిగించుకుని కూర్చుంటుంది. ఎంతసేపని కూర్చుంటుంది? ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తుంది, అక్కడితో దాని కథ ముగుస్తుంది.

విందు రోజు మధ్యాహ్నం రిసార్టుకు వెళ్ళాను. యజమాని నారాయణప్పది చాకవేలు దగ్గర పాత రైతు కుటుంబం. మెట్టభూములు, టమాటా తోటలు, ఇప్పుడీ రిసార్టు. కుర్చీ చూపించక ముందే ఇత్తడి చెంబుతో నీళ్ళిచ్చాడు. మా వైపు అది మామూలే. వచ్చిన మనిషికి నీళ్ళిచ్చి, అవి ఎంత లోతున పడ్డాయో చెప్పి, ఆ తరవాత కూర్చోమంటారు. తవ్విన బోర్లన్నీ దుమ్ము కక్కే చోట తాగదగ్గ నీళ్ళు పడడమంటే చిన్న విషయం కాదు మరి.

"తాగి చెప్పండి మేడమ్, కొబ్బరినీళ్ళ మాదిరి లేవూ?" అన్నాడు. తాగి, ఉన్నాయన్నాను. నిజంగానే ఉన్నాయి. నేను మెచ్చుకునేదాకా అతను కాగితాల సంగతి ఎత్తలేదు.

వంటింటి బాధ్యత చూసే మునివెంకటప్పది పాతపాళ్యం. వేరుశనగ వరసగా ఎండిపోయాక సేద్యం వదిలేసి ఇక్కడ చేరాడు. జీతంతో పాటు వెనక వైపు రెండు గదులిచ్చారు, పెళ్ళాం బిడ్డలతో అందులోనే ఉంటాడు. సంచులు చూపించమంటే నన్ను చల్లగది దాటించి, పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడ వేపచెట్టు కింద రెండు పెద్ద ప్లాస్టిక్ తొట్లు ఉన్నాయి. తొట్ల నిండా నీళ్ళు, నీళ్ళ మీద తేలుతూ తవుడు.

వాసనకి నాకు ముందు కళ్ళు మూసుకుపోయాయి. తరవాత తెరిచి చూశాను. సగానికి సగం ఆల్చిప్పలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

అయినా పద్ధతి పద్ధతే. నేలమీద టార్పాలిన్ పరిపించి, మూడు కుప్పలుగా ఏరించాను. నోరు తెరిచినదాన్ని వేలితో కొడితే మూసుకోవాలి, మూసుకోకపోతే చచ్చినట్టు. మూసి ఉన్నవాటిని రెండేసి తీసుకుని తట్టాలి. బతికినవి రెండు గులకరాళ్ళు తగిలినట్టు పలుకుతాయి, చచ్చినవి డొల్లగా మోగుతాయి. ఎటూ తేలనివి మూడో కుప్ప. ఆ మూడో కుప్పకు నియమం ఒకటే: చచ్చినవాటితో పాటే అవీ పోతాయి. బతికినవాటి కుప్పలోంచి ఒకటి విప్పించాను. లోపల ముద్దగా, స్వచ్ఛమైన రసంతో ఉండాల్సిన మాంసం పాలిపోయి, తవుడు పట్టుకుని ఉంది. ఆ కుప్ప కూడా అవే నీళ్ళు తాగింది. పచ్చిగా తినేదానికి దయాదాక్షిణ్యాలు లేవు. సరుకంతా తిరస్కరిస్తున్నానని చెప్పాను.

వెనకే వచ్చిన నారాయణప్పకు విషయం అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. మూసుకున్న వాటినైనా వడ్డించుకోనివ్వమన్నాడు. కుదరదన్నాను. పైవాళ్ళతో మాట్లాడిస్తానన్నాడు. మాట్లాడించమన్నాను, పైవాళ్ళకి పంపడానికి నా దగ్గర నమూనా కూడా ఉంది, వాసనతో సహా. అప్పుడతని కోపం వెతుక్కుంటూ పోయి వంటవాడి మీద పడింది.

"ఇంత సరుకు నాశనం చేసిందెవరురా?" అని కేకేశాడు. పనివాళ్ళందరూ వెంటనే మునివెంకటప్ప వైపు చూశారు. ఆ చూపుల్లో సాక్ష్యం కంటే తమ మీద పడలేదన్న సంతోషమే ఎక్కువ కనిపించింది. "రేపు తెల్లారేసరికి గదులు ఖాళీ చేసి పో. నీ మాదిరోనికి నా వంటింట్లో చోటు లేదు."

మునివెంకటప్ప వంగి టార్పాలిన్ అంచులు సర్దడం మొదలుపెట్టాడు. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. పక్కకు పిలిచి, తొట్లలో వేసింది నువ్వేనా అని అడిగాను.

"నేనెందుకేస్తానమ్మా? అవి నాకు రాళ్ళ మాదిరి ఉండాయి. రాత్రి లారీలో వచ్చినేవి వచ్చినట్టే చల్లగదిలో పెట్టి పండుకున్నా. తెల్లారి చూస్తే ఈడ ఉండాయి," అన్నాడు. మరి ఎవరు వేశారంటే తల దించుకున్నాడు. "చెప్తే ఈపొద్దే పోతాను, చెప్పకుంటే రేపు పోతాను. ఒక రాత్రి మిగుల్తాది కదమ్మా."

ఇంత లెక్క తెలిసిన మనిషికి నేను చెప్పేదేముంది? జవాబు అందులోనే ఉంది. ఈ వంటింట్లో అందరూ పేరెత్తడానికి భయపడే మనిషి యజమాని ఒక్కడే. కానీ అధికారిక తనిఖీలో నా ఊహకు విలువ లేదు. పంచులనే ఇద్దరు సాక్షుల ఎదుట, జరిగింది జరిగినట్టు మహజరు, అంటే పంచనామా, రాయాలి. నువ్వే చంపావా అని యజమానిని అడిగితే ఒప్పుకునే రకం కాదు. ఆ మాటకొస్తే ఎవరూ ఒప్పుకోరు.

అందుకని పంచుల్ని కూర్చోబెట్టి, తొట్ల చుట్టూ ఒకసారి తిరిగి, గొంతులో వీలైనంత మెప్పు నింపి అడిగాను: "ఏమప్పా, వీటికి నీడ చూసి తొట్లు పెట్టి, నీళ్ళు పట్టి, మేత కూడా వేశారే! ఇంత బాగా చూసుకున్నదెవరు?"

నారాయణప్ప ముఖం విప్పారింది.

"ఇంకెవరు మేడమ్, నేనే! వీళ్ళను నమ్ముకుంటే అయితాదా? తెల్లారుజామున లేచి చూస్తే పాపం గోనెసంచుల్లో నోరెండి పడుండాయి. నీళ్ళల్లో పుట్టినేవి కదా, ప్రాణం ఉసూరుమన్యాది. నా చేతులతో మోసుకొచ్చి మన బోరు నీళ్ళు ఇడిసినా. పుట్టినప్పటి నుంచి ఆ ఉప్పునీళ్ళు తాగి తాగి యెంత విసుగు పుట్టింటాదో. ఒక పూటన్నా మంచినీళ్ళు తాగనీలే అనుకుంటి. ఆకలైంటాదని రెండు దోసిళ్ళు తవుడు కూడా చల్లినా."

సంచికి కట్టిన చీటీ చదవలేదా అని అడిగాను. చదివాడట. మంచినీళ్ళలో ముంచకూడదని కన్నడంలో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. "అది ఆ పక్క నీళ్ళ గురించి రాసింటారు మేడమ్. మన నీళ్ళు వాళ్ళేడ చూసినారు?" అన్నాడు.

అతని మాటలు అతని మాటల్లోనే మహజరులో రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టమన్నాను. మేడమ్ కూడా మెచ్చుకుందన్న ధీమాతో, ఉత్సాహంగానే పెట్టాడు. ఆ తరవాతే ఆల్చిప్పకి మంచినీళ్ళు ఏం చేస్తాయో వివరించాను. అతను వంగి తొట్లోంచి ఒక దోసెడు నీళ్ళు తీసి చూసుకున్నాడు. "అయితే నేనే చంపినానా?" అని మెల్లగా అడిగాడు. డబ్బు పోయినందుకు కాదు, తన నీళ్ళు తాగి ఒక ప్రాణి చచ్చిందన్నందుకే ఎక్కువ నొచ్చుకున్నాడని నాకనిపించింది. అంత ప్రేమ ఉన్న మనిషి, తన దగ్గర పనిచేసే మనిషిని గదులు ఖాళీ చెయ్యమనడానికి మాత్రం నిమిషం ఆలోచించలేదు.

కాగితం మీద యజమాని సంతకం ఉన్నాక వంటవాడిని పంపడం కుదరదు. కుదరదని నేనూ ఒకసారి గట్టిగా గుర్తుచేశాను, పంచులు విన్నారు. నారాయణప్ప క్షమాపణేమీ చెప్పలేదు. "సరే పోరా, పొయ్యి ఎలిగించు, వచ్చేవాళ్ళకి ఏదో ఒకటి పెట్టల్ల కదా," అన్నాడు. పెద్దమనుషుల భాషలో దాన్నే క్షమాపణ అంటారని మునివెంకటప్పకు తెలుసు. పరుగున లోపలికి పోయాడు.

పెరటి చివర గొయ్యి తవ్వించి, ఆల్చిప్పలు పోయించి, బ్లీచింగ్ పొడి చల్లించి పూడ్పించాను. పొడి చల్లకపోతే ఎవరో ఒకరు ముత్యాల కోసం తవ్వుతారు. ఆ సాయంత్రం సాఫ్ట్‌వేర్ అతిథులు రాగిముద్ద, నాటుకోడి పులుసు తిని, సముద్ర విందు కంటే ఇదే బాగుందని పొగిడి వెళ్ళారట. ఆ సంగతి నారాయణప్పే ఫోను చేసి చెప్పాడు, ఆ ఏర్పాటు ముందే తన ఆలోచన అన్నట్టుగా. పచ్చి సముద్రాహారం లైసెన్సు మళ్ళీ అడగలేదు. మునివెంకటప్ప ఆ రెండు గదుల్లోనే ఉన్నాడు.

ఆ రోజు తరవాత, రిటైరయ్యేదాకా, ఏ వంటింటికి వెళ్ళినా ఇది చెడగొట్టిందెవరని నేను అడగలేదు. ఇంత బాగా చూసుకున్నదెవరని అడిగాను. జవాబు రాకుండా ఒక్కసారీ పోలేదు.