వరుసలో నిలబడ్డ పెద్దమ్మ

మా పెదనాన్న ఎలైజా థార్న్‌బరీ అమెరికా దేశాధ్యక్షుడయ్యాక, అధ్యక్ష భవనానికి వచ్చే అతిథులకు స్వాగతం చెప్పవలసింది ఆయన భార్య, మా పెద్దమ్మ టాబిథా. చెప్పింది మాత్రం కూతురు కార్నీలియా. పెద్దమ్మ మంచం పట్టిందని వాషింగ్టన్ అంతా నమ్మింది. నమ్మించింది కార్నీలియాయే.

పెద్దమ్మకు ఏ జబ్బూ లేదు. ఒహాయోలో పొలం దున్నిన మనిషి. మట్టి పైపులో పొగాకు పీల్చేది. ఆమె నవ్వు వీధి చివరిదాకా వినిపించేది.

"మీ అమ్మ నోరు తెరిస్తే మన పరువు గంగలో కలుస్తుందే" అన్నాడు పెదనాన్న మొదటి వారంలోనే. కార్నీలియా తల్లికి పై అంతస్తులో వెనక గది ఇచ్చి, తోడుగా నన్ను పెట్టింది.

నిజానికి కార్నీలియా అక్క ఆ పనికే పుట్టినట్టుండేది. రాయబారులతో ఫ్రెంచిలో మాట్లాడేది, సెనేటర్ల భార్యలను వాళ్ళ పిల్లల పేర్లతో సహా పలకరించేది. పత్రికలు మెచ్చుకున్నాయి. అక్క ఆ మెప్పు రుచి మరిగింది.

కొత్త సంవత్సరం రోజున ఎవరైనా వచ్చి అధ్యక్షుడితో చెయ్యి కలపవచ్చు. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ నల్లపట్టు గౌను తొడుక్కుంది.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"దారినపోయే వాళ్ళందర్నీ రానిస్తున్నారుగా. నన్ను మాత్రం రానివ్వరా? నా మొగుడి మొహం చూసి ఎన్నాళ్ళయిందో."

వెనక మెట్లు దిగి, వానలో జనంతోపాటు వరుసలో నిలబడింది. నేను వెనకే ఉన్నాను. మా వంతు వచ్చేసరికి పెదనాన్న ఆమెను చూసి, చూపు తిప్పుకుని, నా వెనకున్న మనిషి చెయ్యి అందుకున్నాడు. కార్నీలియా చూపు తిప్పుకోలేదు. పక్కనే రాయబారి భార్య ఉంది. అక్క తెల్ల తొడుగున్న చెయ్యి చాచి, చక్కగా నవ్వింది.

"రండమ్మా. వానలో శ్రమపడ్డారు. ఎంత దూరం నుంచి వచ్చారు?"

పెద్దమ్మ కూతురి మొహంలోకి చూసింది.

"చాలా దూరమేనమ్మా. మీ అమ్మగారికి ఎలా ఉంది?"

"మెల్లగా కోలుకుంటున్నారు. అడిగారని చెప్తాను."

"చెప్పండి."

జనంతోపాటే బయటికి నడిచింది. స్టేషన్‌దాకా ఆగలేదు.

"గదికి పోదాం రా పెద్దమ్మా" అని బతిమాలాను.

"పిల్ల ఎంత బాగా చేసిందో చూశావా?" అంది. "కన్ను కూడా ఆర్పలేదు. దాన్ని కన్నది నేనేనే!"

ఒహాయో బండి ఎక్కి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి చెబితే కార్నీలియా అడిగింది ఒకే మాట: "ఎవరైనా గుర్తుపట్టారా?"

"లేదు."

"హమ్మయ్య" అని, అందరితో కలిపి కలిపి వాచిపోయిన చేతిని వేడినీళ్ళలో పెట్టుకుంది. పక్క గదిలో పెదనాన్న భోజనానికి కూర్చున్నాడు.

తరువాతి ఎన్నికలో ఆయన ఓడిపోయాడు. వాషింగ్టన్‌లో ఒక్క ఇంటివారూ కార్నీలియాను విందుకు పిలవలేదు. తండ్రీకూతుళ్ళు ఒహాయో చేరారు. పెద్దమ్మ తలుపు తీసింది, ఇద్దరికీ అన్నీ అమర్చింది. మొగుణ్ణి ఎప్పటిలాగే తిట్టేది. కూతురిని మాత్రం "మీరు" అనేది.

"అమ్మా, తిట్టవే. కొట్టవే" అని కార్నీలియా ఒకనాడు కాళ్ళు పట్టుకుంది.

"లేవండమ్మా. నేల చల్లగా ఉంది" అంది పెద్దమ్మ.

ఒక చలికాలం భరించి, కార్నీలియా సిన్సినాటిలో భార్య పోయిన పిండిమిల్లు యజమానిని పెళ్ళాడింది. పెళ్ళికి పెద్దమ్మ వెళ్ళింది. చివరి బల్ల దగ్గర కూర్చుని, కడుపునిండా తిని వచ్చింది.