స్టేషన్ మాస్టరుకి ఫ్లెక్సీ కట్టించిన సీజన్

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే కోపం. దొరికాక పక్కాయన నా ఫోన్లోకి తొంగిచూస్తే కోపం. చూసి ఊరుకోకుండా "ఏంటి బాబూ, ఈ వయసులో కార్టూన్లా?" అంటే ఒళ్లు మండిపోయేది. కార్టూన్లు కావండీ, యానిమే అంటారు, జపాను వాళ్లు తీస్తారు, పెద్దవాళ్ల కోసం కూడా తీస్తారు అని చిల్లకల్లు దగ్గర మొదలుపెడితే అంబారుపేట దాకా చెప్పేవాణ్ణి. ఆయన ఎప్పుడో నిద్రపోయేవాడు. దానికీ కోపమే. నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ సారుగా అప్పుడే చేరాను. పనిచేసే కంప్యూటర్లు నాలుగు, వాటి ముందు పిల్లలు అరవైమంది. కాబట్టి బస్సు దిగాక కూడా కోపానికి లోటుండేది కాదు.

యానిమే సంగతి తెలియనివారికి ఒక్క మాట. జపానులో మూడు నెలలకోసారి కొత్త కథల పంట వస్తుంది. వారానికో ఎపిసోడ్ చొప్పున పన్నెండు వారాలు నడిచి ఆగిపోతాయి. దాన్నే సీజన్ అంటారు (మనకు ఖరీఫ్, రబీ ఉన్నట్టు వాళ్లకు ఏడాదికి నాలుగు). ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మేడమీది గదిలో నేను, మా చెల్లెలు, మా బావ కూర్చుని ఆ వారం వచ్చినవన్నీ చూసేవాళ్లం. బావంటే మా మేనమామ కొడుకు. ఊరు వత్సవాయి, రోజూ జగ్గయ్యపేట వచ్చి పురుగుమందుల కొట్లో పనిచేసేవాడు. సీజన్ అయిపోయిన ఆదివారం లెక్క తేల్చాలి. ఈ పంటలో ఏది మొదటిది? ఓటింగు పెట్టేవాళ్లం. నియమాలన్నీ నేనే రాశాను. అవి నాకు అనుకూలంగా ఉండేవని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది. ఆవిడ అనుకోవడానికేం, అనుకోనివ్వండి.

ఆ సీజన్లో నా ప్రాణమంతా ఒక ముసలి స్టేషన్ మాస్టరు మీద ఉండేది. మంచు కురిసే పల్లెటూరు, రోజుకి ఒకే రైలు. ఆయన టీ కాచుకుంటాడు, ప్లాట్‌ఫాం ఊడుస్తాడు, రైలు కోసం చూస్తాడు. అంతే కథ. ఆ బొమ్మ గీసినవాడు మాత్రం, యానిమే పద్ధతిలో కళ్లు పెద్దవిగా పెట్టినా, ముఖం మీది ముడతలు, తెల్ల మీసాలు ఒక్కొక్కటిగా గీశాడు. నేను దాన్ని కళ అనేవాణ్ణి. బావకి నచ్చింది కత్తి పట్టుకుని అరిచే కుర్రాడి కథ. ఎపిసోడ్‌లో సగం అరుపు, మిగతా సగం దెబ్బలు. చెల్లెలికి నచ్చింది హాస్టల్ వంటింట్లో నలుగురమ్మాయిల కథ.

"పన్నెండు వారాలు ముసలాయన టీ కాచుకున్నాడు. ఒక్కసారన్నా తాగాడా బావా?" అన్నాడు బావ.

"నీ కత్తోడు పన్నెండు వారాలు అరిచాడు, ఒక్కణ్ణన్నా గెలిచాడా? కళంటే ఏంటో తెలుసా నీకు? పురుగుమందు డబ్బాల మీద బొమ్మలు తప్ప ఇంకేం చూశావు నువ్వు?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వాడి ముఖం ఎర్రబడింది.

"మూడు ఓట్లు, మూడింటికీ పడ్డాయి. ఎవరూ గెలవలా. ఇంక ఆపండెహె, కింద నాన్న లేస్తాడు," అంది చెల్లెలు.

ఎవరూ గెలవకపోవడమేమిటి? ఆ రాత్రంతా నా ఒళ్లు కుతకుత ఉడికింది. మా వైపు ఒక పద్ధతుంది. పుట్టినరోజుకి, గృహప్రవేశానికి, వార్డు మెంబరైనందుకు, ఆఖరికి ఎవరింట్లోనో గేదె బహుమతి కొట్టినందుకు కూడా ఫ్లెక్సీ కడతారు. ఫ్లెక్సీ కడితే అది జరిగినట్టు, కట్టకపోతే జరగనట్టు. సరే, స్టేషన్ మాస్టరుకి ఫ్లెక్సీ కట్టిస్తాను, వత్సవాయి బస్సు దిగగానే బావ ముఖాన కొట్టినట్టు కనపడేలా జగ్గయ్యపేటలో కట్టిస్తాను అనుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. అందరం ఒప్పుకున్నట్టు కనపడాలని కింద ముగ్గురి ఫోటోలూ వేయించాలనే దొంగబుద్ధి కూడా పుట్టింది.

మర్నాడు సాయంత్రం నందిగామ బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ షాపులో స్టేషన్ మాస్టరు బొమ్మ, మా ముగ్గురి ఫోటోలు, నేను స్వయంగా రాసిన వాక్యాలు ఇచ్చాను. "మీ ఓర్పు మాకు ఆదర్శం. మీరు ఎప్పటికీ మా గుండెల్లో ఉంటారు." (రాసుకున్నప్పుడు కళ్లు చెమర్చాయి. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.)

"డిజైన్ అయ్యాక ఒకసారి చూసుకుని ఎళ్లండి సారూ," అన్నాడు షాపాయన.

"బస్సొచ్చేసిందండీ, మీకు తెలియందేముంది, వేసి పొద్దున్నే జగ్గయ్యపేట బస్టాండు దగ్గర కట్టించెయ్యండి," అని పరిగెత్తాను. ఆయనకు తెలియనిదేమీ లేదు. అదే నా కొంప ముంచింది.

మర్నాడు మొదటి పీరియడ్లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్ చచ్చినోడా! మా నాన్నని బతికుండగానే చంపేశావు కదరా!" నాకు అర్థం కాలేదు. చెల్లెలు పంపిన ఫోటో తెరిచాక అర్థమైంది. షాపాయన స్టేషన్ మాస్టరు టోపీ, యూనిఫాం తీసేసి, పెద్దమనిషికి ఉండాల్సిన తెల్లచొక్కా, భుజం మీద కండువా పెట్టాడు. చుట్టూ పూలదండ వేశాడు. అటొక దీపం, ఇటొక దీపం. పైన ఖాళీగా బాలేదనుకున్నాడేమో, 'అశ్రునివాళి' అని నా చెయ్యంత అక్షరాలు. కింద ఇట్లు నేను, చెల్లెలు, బావ. మా ముగ్గురికీ కలిసి ఉన్న ముసలాయన ఈ లోకంలో ఒక్కడే. బావకి నాన్న నాన్న, మాకు అమ్మ నాన్న. వత్సవాయి తాత.

షాపుకి ఫోన్ చేసి అరిచాను. "మీరు రాసిందే ఏశాం కదండీ. గుండెల్లో ఉంటారంటే ఎవరికండి చెప్తాం? బతికున్నోళ్లకి చెప్తామా?" అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా. టక్కున ఫోన్ కట్టేశాను. సమాధానం లేనప్పుడు వచ్చే కోపం మిగతా అన్ని కోపాల కన్నా పెద్దది.

ఈలోగా జగ్గయ్యపేటలో బస్సు దిగిన బావని నలుగురు పట్టుకుని ఓదార్చారు. "కళ్లు కొంచెం పెద్దగా పడ్డయ్ గానీ, మీసాలు అచ్చం పెద్దాయనవే," అన్నారట. బంధువులు కొందరు ఆగకుండా వత్సవాయి వెళ్లి, వీధి మలుపులోనే శోకాలు అందుకున్నారు. తాత అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. "ఎవరు పోయారే?" అని ఆదుర్దాగా ఎదురెళ్లాడట.

సగం రోజు సెలవు పెట్టి మధ్యాహ్నానికి వత్సవాయి చేరాను. తాత నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "పోయానన్నావు, సరే. ఎవరైనా పోయేవాళ్లమే. ఆ కళ్లేంట్రా? కోడిగుడ్లంత కళ్లు! నావి అట్టాంటి కళ్లా?" అని కేకలేశాడు. బావ ఒక మూల నిలబడి పళ్లు నూరుతున్నాడు. "నేను ఓటెయ్యందే నా ఫోటో ఎట్టా ఏశాడో అడుగు తాతా!" అన్నాడు. అక్కడే మేమిద్దరం మళ్లీ మొదలుపెట్టాం. కళ ఏమిటి, అరుపేమిటి, ఎవరిది మొదటిస్థానం. ఓదార్చడానికొచ్చిన వాళ్లు మజ్జిగ తాగుతూ చూస్తున్నారు.

తాత చెయ్యెత్తాడు. ఊళ్లో గట్టు తగాదాలు తీర్చిన చెయ్యి అది. "ఆగండెహె. నన్ను పాడెక్కించిన తగాదా ఏంటో నేనూ చూడాలి. మూడూ చూపించండి, మొత్తం చూపించండి. నాలుగో ఓటు నాది. నేను చెప్పిందే ఆఖరు."

నా గుండె ఎగిరి గంతేసింది. ముసలాయన ముసలాయనకి కాక ఎవరికేస్తాడు?

వరసగా ఆదివారాలు వత్సవాయిలోనే గడిచాయి. తాతకి కింద వచ్చే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు కాబట్టి అవి చదివి తెలుగులో చెప్పే పని నాది. స్టేషన్ మాస్టరు మాట్లాడితే గొంతు తగ్గించి, పురాణం చెప్పినట్టు చెప్పేవాణ్ణి. కత్తి కుర్రాడు అరిస్తే "ఏదో తిడుతున్నాడు" అని ఊరుకునేవాణ్ణి. "అంతసేపు అరిస్తే అంతేనా? సరిగ్గా చెప్పు," అని తాత గద్దించేవాడు. బావ నవ్వు ఆపుకునేవాడు. నాకు వాడి గొంతు పిసకాలనిపించేది.

మూడూ పూర్తయిన రోజు తాత తీర్పు చెప్పడానికి అరుగు మీద కూర్చున్నాడు. చెల్లెలి వంటింటి కథ బాగుందిగానీ ఆకలేస్తోందన్నాడు. తరవాత నావైపు తిరిగాడు. "నీ స్టేషన్ మాస్టరు మంచోడేరా. కానీ పొద్దస్తమానం కూర్చుని వచ్చేదాని కోసం చూడటం నాకెట్టాగూ ఉంది. అది బొమ్మలో కూడా చూడమంటావా? ఆ పిల్లోడు చూడు, పన్నెండు వారాలు తన్నులు తిన్నాడు, ఇంకా లేస్తానే ఉన్నాడు. నా ఓటు వాడికి."

బావకి రెండు ఓట్లు. నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బస్టాండుకి నడిచాను. ఆ తరవాతి సీజన్ మొత్తం బావతో మాట్లాడలేదు. ఆ సీజన్లో ఏం వచ్చాయో ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. తాతకి రసికత లేదని, ఊరికి రసికత లేదని ఏడాదిపాటు ఎవరు దొరికితే వాళ్లకు చెప్పాను.

మొన్న స్కూలు సెలవుల్లో స్టేషన్ మాస్టరు కథ మళ్లీ పెట్టుకుని చూశాను. మూడో ఎపిసోడ్‌లో, ఆయన టీ నీళ్లు పొయ్యి మీద పెడుతుండగా, నాకు నిద్రపట్టేసింది. లేచి నా మీద నాకే కోపం తెచ్చుకుని, ఎందుకో కత్తి కుర్రాడిది పెట్టాను. తెల్లారేసరికి పన్నెండూ అయిపోయాయి. తాతకి ఇప్పుడు తొంభై దాటాయి, చూపు తగ్గింది. వత్సవాయి వెళ్తే చెయ్యి పట్టుకుని "ఆ పిల్లోడు గెలిచాడంట్రా?" అని అడుగుతాడు. ఆ కథకి కొనసాగింపు ఇంకా రాలేదు, వస్తుందన్న కబురు కూడా లేదు. "గెలిచాడు తాతా," అని చెప్పి, ఎలా గెలిచాడో కల్పించి గంటసేపు చెప్తాను, అరుపులతో సహా. నీదే సరైన ఓటు అన్న మాట మాత్రం ఇప్పటిదాకా నా నోటెంట రాలేదు.