చలి నారాయణ పెరటి మంట

రోహిణి కార్తెలో కూడా స్వెట్టరు వేసుకుని తిరిగే మనిషి చిలకలూరిపేట శివార్లలో ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు వెంకటనారాయణ. మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. బయట రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే ఆయన లోపల, నోట్లోంచి పొగ వచ్చే చలిలో, మిరపకాయ బస్తాల వరసల మధ్య తిరుగుతుంటాడు. మీసాలు సరిగా రాని వయసులో చేరిన పని. ఆ చలి మెల్లగా ఎముకల్లోకి దిగి అక్కడే కాపురం పెట్టింది. ఇంట్లో ఫ్యాను వేయనివ్వడు. మజ్జిగ కూడా గోరువెచ్చగా కావాలంటాడు. భార్య బసవమ్మ ఉక్క భరించలేక వరండాలో చాప వేసుకుంటే, ఆయన గదిలో దుప్పటి ముసుగు పెట్టి, “ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి, గాలి కొడతా ఉంది” అంటాడు.

వీధిలో అందరికీ ఆయన చలి నారాయణ. ఎదురుపడితే మాత్రం సూపర్‌వైజరు గారు.

ఒకనాడు ఫోనులో ఒక వీడియో చూశాడు. ఎక్కడో మంచు దేశం. ఇంటి వెనక గుండ్రటి గుంట కట్టి అందులో మంట వేశారు. చుట్టూ కుర్చీలు. మనుషులు చేతుల్లో కప్పులు పట్టుకుని మంట వంక చూస్తూ కూర్చున్నారు. వంట లేదు, పూజ లేదు, ఊరికే కూర్చోవడమే. వెంకటనారాయణకు ప్రాణం లేచొచ్చింది. తన కోసమే ఎవరో కనిపెట్టినట్టుంది.

“చూడు, ఎంత హాయిగా ఉన్నారో” అని బసవమ్మకు చూపించాడు.

ఆవిడ ఫోను దూరంగా పట్టుకుని చూసింది. “పాపం, కరెంటు పోయిందేమో.”

ఆమెతో వాదించి లాభం లేదని మేస్త్రీ పీరుని పిలిపించాడు. పీరు ప్రహరీలు కడతాడు, నీళ్ల తొట్లు కడతాడు, పొగాకు కాల్చే బ్యారన్లకు మరమ్మతులు చేస్తాడు. పెరట్లో నిలబడి అంతా విన్నాడు.

“హోమగుండమా అండి?”

“కాదయ్యా.”

“అయితే పెళ్లిళ్లకి గాడిపొయ్యి లాంటిదా?”

“వంటకి కాదు. మంటేసుకుని చుట్టూ కూర్చుంటాం.”

“కూర్చుని?”

“చూస్తాం.”

పీరు ఆయన స్వెట్టరు వంక చూశాడు. ఇక మారు ప్రశ్న వేయలేదు. “సిమెంటు వర ఒకటి దించి, లోపల ఇటుక పేర్చేద్దామండి. గుండ్రంగా అందంగా ఉంటది” అన్నాడు.

వర అంటే బావులకూ మరుగుదొడ్ల గుంతలకూ దించే సిమెంటు చుట్టు. ట్రాలీ ఆటోలో అది దిగడం వీధంతా చూసింది. తర్వాత పెరట్లో గుంట తవ్వడం చూసింది. పని అయ్యాక వెంకటనారాయణ దాని చుట్టూ నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఎటునుంచి కూర్చుంటే బాగుంటుందో ఒక్కొక్కదాంట్లో కూర్చుని పరీక్షించడం కూడా చూసింది.

పక్కింటి నసీమున్నీసా ఇక ఉండబట్టలేక గోడ దగ్గరికి వచ్చింది. మిర్చి వ్యాపారులు పంపే కాయలకు ఇంటి దగ్గరే తొడిమలు తీసి ఇచ్చే మనిషి ఆవిడ. చేతులు పనిలో ఉన్నా కళ్లు వీధిలోనే ఉంటాయి.

“వదినా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పెరట్లో బాత్రూము కడతన్నారంట. దానికి గోడలు లేవు సరే, చుట్టూ కుర్చీలెందుకూ?”

బసవమ్మ తల కొట్టుకుంది. ఆ సాయంత్రం ఆయన ముందు కాఫీ గ్లాసు టక్కున పెట్టింది. “ఊళ్లో మన పరువు ఆ వరలోకి దిగిపోయింది. నలుగురినీ పిలిచి అందులో మంట పెట్టి చూపించండి. లేకపోతే నేను బయట తిరగలేను.”

డిసెంబరులో ఒక ఆదివారం చీకటి పడే వేళకు వీధిలో వాళ్లందరినీ పిలిచారు. పీరు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. బసవమ్మ ఎందుకైనా మంచిదని గుంటకు పసుపు రాసి బొట్టు పెట్టింది. వెంకటనారాయణ పత్తి కట్టె పేర్చి అగ్గిపుల్ల గీశాడు. మంట భగ్గున లేచింది. అందరూ “అబ్బో” అన్నారు. పత్తి కట్టె సంగతి తెలిసిందే కదా, ఆ “అబ్బో” పూర్తయ్యేలోగా సగం బూడిదైంది. మోపు మీద మోపు వేశాడు. టీ వచ్చేసరికి కట్టె అయిపోయింది.

చుట్టాలు వచ్చాక అన్నం చాలనట్టయింది ఆయనకు. అటూ ఇటూ చూశాడు. గోడ పక్కన, పారేయడానికి నసీమున్నీసా కట్టి పెట్టిన గోతం కనబడింది. మిరప తొడిమలు, వాటితో పాటు రంగు పోయిన తాలు కాయలు, గింజలు. గలగలలాడేంత ఎండి ఉన్నాయి. ఆయనకు మిరపకాయ అంటే ఊక తోటి సమానం. అన్నేళ్లు ఆ దుమ్ములోనే ఊపిరి పీల్చాడు, ఆయన ముక్కు ఎప్పుడో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. గోతం మొత్తం గుంటలో బోర్లించాడు.

మొదట పీరు తుమ్మాడు. తర్వాత కుర్చీల్లో వాళ్లంతా వరసగా తుమ్మారు. ఆ తర్వాత ఎవరు తుమ్ముతున్నారో ఎవరు దగ్గుతున్నారో తెలియలేదు. నసీమున్నీసా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, తన ఇంట్లోకి అనుకుని బసవమ్మ వంటింట్లోకి దూరి తలుపేసుకుంది. పీరు తొట్లో తల ముంచాడు. వీధి చివర ఆగిన పాల వ్యాను డ్రైవరు వ్యాను వదిలేసి నడిచి వెళ్లిపోయాడు.

పెరట్లో వెంకటనారాయణ ఒక్కడే మిగిలాడు. గింజలు చిటపటలాడుతున్నాయి. మంట ఎర్రగా, నిలకడగా, అచ్చం వీడియోలో లాగానే మండుతోంది. మెడ వెనక ఏదో తడిగా తగిలితే చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చెమట. ఆయన నమ్మలేకపోయాడు. స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించి, కాళ్లు బారజాపాడు.

“అందరూ అలా వెళ్లిపోయారేంటి? ఇప్పుడే కదా బాగా అందుకుందీ” అని కేకేశాడు.

కిటికీ సందులోంచి బసవమ్మ గొంతు దగ్గుల మధ్య వినిపించింది. “మిరపకాయలు మండిస్తే ఘాటు రాని మనిషికి దిష్టి ఉన్నట్టంటారు. మీకు పల్నాడు మొత్తం దిష్టీ తగిలింది. ముందు నీళ్లు పొయ్యండి.”

ఆయన నీళ్లు పోశాడు. దాంతో పొగ ఇంకా లేచింది. ఆ రాత్రి వీధిలో ఎవరూ అన్నాలు తినలేదు.

మర్నాడు తిట్లు తినడానికి సిద్ధపడి గేటు తీశాడు. ఎవరూ తిట్టలేదు. అందరూ జామచెట్ల వంక, మేడల వంక చూస్తూ నిలబడి ఉన్నారు. వడియాలు ఎండబెట్టనివ్వని, పిల్లల చేతుల్లో బిస్కట్లు మిగలనివ్వని కోతుల మందలో ఒక్కటి కూడా లేదు. వారమైనా రాలేదు. రోడ్డు అవతలి కాలనీకి మకాం మార్చాయని తెలిసింది.

తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ కాలనీ పెద్దలు నలుగురు కలిసి వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు.

“సూపర్‌వైజరు గారూ, మీ కోతులు మా మీద పడ్డాయండి.”

“నా కోతులేంటండీ?”

“తోలింది మీరే కదా.”

మాటా మాటా పెరిగింది. బసవమ్మ టీ ఇచ్చింది. టీ తాగుతూ వాళ్లు గుంట చుట్టూ తిరిగి చూశారు, లోతు అడిగారు. వెళ్లేటప్పుడు పీరు ఫోన్ నంబరు తీసుకున్నారు. నాలుగు రోజుల్లో ఆ కాలనీలో వర దిగింది. కోతులు ఆ పై కాలనీకి వెళ్లాయి. పీరుకు ఆ పై కాలనీ నుంచి ఫోను వచ్చింది.

వెంకటనారాయణకు ఈ ఖ్యాతి నచ్చలేదు. హాయిగా కూర్చోవడానికి కట్టించుకున్నదాన్ని కోతుల పొయ్యి అంటారేమిటని ఆయన బాధ. ఇప్పుడు తుమ్మ మొద్దులు కొని తెచ్చుకుంటున్నాడు, అవి నింపాదిగా కాలతాయి. ఆదివారం సాయంత్రం ఆయన కుర్చీ వేసుకుంటే గోడ మీదుగా నసీమున్నీసా ముందు తల మాత్రమే పెడుతుంది.

“అన్నయ్యగారూ, ఇవాళ కట్టేనా, కాయా?”

“కట్టే వదినా, రండి” అంటుంది బసవమ్మ, నిప్పుల్లో చిలగడదుంపలు తిప్పుతూ. నసీమున్నీసా కుర్చీ మాత్రం మంటకు బాగా దూరంగా, గాలి వచ్చే వైపు ఉంటుంది.